విదేశాంగ విధానంలో గ్రామసభకు చోటెక్కడ?

నేరేడ్‌మెట్ చౌరస్తాలో ఏ టీ కొట్టు దగ్గరైనా పొద్దున్నే ఓ పావుగంట నిలబడి వినండి. చుట్టూ సైనిక్‌పురి, డిఫెన్స్ కాలనీ, వాయుపురి. రిటైరైన ఫౌజీలు ఎక్కువగా ఉండే ఏరియా. మిగతా చోట్ల సినిమాలు, ప్లాట్ల రేట్లు మాట్లాడుకునే టైములో ఇక్కడ ట్రంప్ సుంకాలు, రష్యా చమురు, చైనా ఆపేసిన మాగ్నెట్ల మీద చర్చ నడుస్తుంటుంది. అమెరికాను ఎంతవరకు నమ్మాలి, రష్యాను వదిలేస్తే ఏమవుతుంది, చైనాతో రాజీ ఎక్కడిదాకా? టీవీల్లో అరిచే నిపుణుల కంటే వీళ్ల మాట చాలా నయం. సరిహద్దులో చలికి వణికినవాళ్లకు దేశాల మధ్య గొడవంటే ఏమిటో తెలుసు.

అయితే ఈ చర్చల్లో ఒక ప్రశ్న ఎప్పుడూ రాదు. ఢిల్లీ సెమినార్లలోనూ రాదు. ఎవరితో ఉండాలన్న దాని మీదే వాదన. ఆ స్నేహాల్లో, ఆ బేరాల్లో మన ప్రభుత్వం చూపించే సరుకు ఎవరి కాళ్ల కింద ఉందో ఎవరూ అడగరు. యురేనియం, బాక్సైట్, ఇప్పుడు కొత్తగా "కీలక ఖనిజాలు". ఇవన్నీ దేశ సంపద అంటారు. ఆ దేశంలో చెంచులూ, కోదులూ, సంతాల్‌లూ ఉన్నారా లేరా?

దూరం పోనక్కర్లేదు. నేరేడ్‌మెట్ నుంచి సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్ మీదుగా ఈసీఐఎల్ చౌరస్తా దాకా వెళ్లండి. ఆ దగ్గర్లోనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. 1971లో పెట్టారు. మన భారజల అణు రియాక్టర్లకు వాడే ఇంధనం తయారయ్యేది ఇక్కడే. దానికి ముడిసరుకు దశాబ్దాలుగా జార్ఖండ్‌లోని జాదుగూడ నుంచి వస్తోంది. అది సంతాల్, హో, ముండా ఆదివాసీల నేల. 1960ల చివరి నుంచి అక్కడ తవ్వుతున్నారు. గని వచ్చాక ఊళ్లు ఖాళీ అయ్యాయి, వ్యర్థాల చెరువులు వచ్చాయి, రోగాల మీద గొడవలు ఇప్పటికీ నడుస్తున్నాయి. మన పక్క కాలనీలోకి చేరే సరుకు పుట్టిల్లు అది. ఆ పేరు మన టీ కొట్టు చర్చలో ఎప్పుడైనా విన్నారా?

ఇక 2008 గుర్తు చేసుకుందాం. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత మనకు అణు సరుకు అమ్మకుండా దేశాలన్నీ ఒక గ్రూపు కట్టాయి. దాంతో బయటి యురేనియం దాదాపు అందలేదు. 2005 జులైలో మన్మోహన్ సింగ్, బుష్ కలిసి ఒక ప్రకటన చేశారు. వామపక్షాలు మద్దతు ఉపసంహరించాయి. 2008 జులై 22న లోక్‌సభలో ప్రభుత్వం 275-256 ఓట్లతో గట్టెక్కింది. సెప్టెంబర్ 6న అణు సరఫరాదారుల గ్రూపు మనకు మినహాయింపు ఇచ్చింది. అప్పట్లో ఎంత చర్చ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. సార్వభౌమత్వం పోయిందని కొందరు, ప్రపంచ వేదిక మీద కుర్చీ దొరికిందని ఇంకొందరు. ఆ తర్వాత కజకిస్తాన్, రష్యాల నుంచి యురేనియం వచ్చింది. 2015 ఏప్రిల్‌లో మోదీ ఒటావా వెళ్లినప్పుడు కెనడా కంపెనీ కామెకోతో ఐదేళ్లకు 71 లక్షల పౌండ్ల యురేనియం ఒప్పందం కుదిరింది.

మరి బయట కొనుక్కునే దారి దొరికాక నల్లమల మీద ఎందుకు పడ్డారు?

దీనికి జవాబు ఆ ఒప్పందంలోనే ఉంది. బయటినుంచి కొన్న యురేనియం అంతర్జాతీయ అణు ఇంధన సంస్థ తనిఖీ కింద ఉంటుంది. దాన్ని విద్యుత్తుకే వాడాలి, లెక్క చెప్పాలి. 2006 విభజన ప్రణాళికలో 22 రియాక్టర్లలో 14 తనిఖీ కిందికి, మిగతావి దాని బయట. బయట ఉన్నవాటికి, ఆయుధాల కార్యక్రమానికి స్వదేశీ యురేనియమే కావాలి. అంటే అమెరికాతో కుదిరిన ఒప్పందం మన నేలలోని యురేనియం విలువను తగ్గించలేదు సరికదా, దానికి ఒక ప్రత్యేక విలువ తెచ్చిపెట్టింది. ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని యురేనియం అది. ఆ ఒప్పందం మీద లోక్‌సభలో గంటలకు గంటలు మాట్లాడారు. దాని బరువు చివరికి ఏ కొండ మీద, ఏ పెంట మీద పడుతుందన్నది చర్చకు రాలేదు.

2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం సర్వేకి సూత్రప్రాయంగా సరేనంది. నాలుగు వేల బోర్లు వేస్తారన్నారు. నాలుగు వేల బోర్లంటే మాటలా? ఒక్కో బోరుకి రిగ్గు రావాలి, రిగ్గుకి బండి రావాలి, బండికి దారి కావాలి. దారంటే చెట్లు కొట్టడమే. అడవి మీద అదివరకే ఆంక్షలున్నాయి. పులుల కోసమని చెంచులను కోర్ ఏరియా వదిలి బయటికి రమ్మంటున్నారు. అదే కోర్ ఏరియాలో రిగ్గులు తిరగడానికి మాత్రం సూత్రప్రాయ అనుమతి దొరికింది. పులి భయపడేది విల్లు పట్టుకున్న చెంచుకేనా, రిగ్గు చప్పుడుకి భయపడదా?

ఆ ఏడాది "సేవ్ నల్లమల" ఉద్యమం పెద్దదే అయ్యింది. సినిమావాళ్లు ట్వీట్లు పెట్టారు, పార్టీలన్నీ కదిలాయి. 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. సంతోషమే. కాకపోతే ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ ఉద్యమంలో ఎక్కువ గట్టిగా వినిపించినవి రెండు కారణాలు: హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లు, పులులు. చెంచుల సమ్మతి మూడోది, అది కూడా సగం గొంతుతో. నగరం తన మంచినీళ్ల కోసం లేచింది. తప్పు కాదు. రేపు "నీళ్లకు ఏ ప్రమాదమూ లేదు, పులుల కోసం కారిడార్ వదిలాం" అని ఒక నివేదిక వస్తే నగరం కూర్చుంటుంది. అప్పుడు అప్పాపూర్ పెంట తరఫున ఎవరుంటారు?

పైగా శాసనసభ తీర్మానానికి చట్టం బలం లేదు. అణు ఖనిజాలు కేంద్రం చేతిలో ఉన్నవి. నల్లగొండలో లంబాపురం, పెద్దగట్టు ప్రజలు 2000ల మొదట్లోనే ఈ యుద్ధం చేశారు. అక్కడ ఆగింది. తర్వాత కడప జిల్లా తుమ్మలపల్లిలో గని వచ్చింది. వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని రైతులు ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల జనం రోడ్డెక్కారు. ఒక చోట మూసిన ఫైలు ఇంకో చోట తెరుచుకుంటోంది.

యురేనియం అంటే రక్షణ వ్యవహారం, అందుకే గుట్టు అంటారేమో. పోనీ బాక్సైట్ చూద్దాం. దానికి రక్షణతో సంబంధం లేదు, పూర్తి వ్యాపారం.

1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ఏరియాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని చెప్పింది. ప్రభుత్వ సంస్థలకు మాత్రం దారి మిగిలింది. ఆ దారిలోంచే అంతా నడిచింది. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూఏఈలోని రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. విశాఖ మన్యంలో తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ, సరుకు వెళ్లేది మాకవరపాలెం దగ్గర అన్‌రాక్ రిఫైనరీకి. 2015 నవంబర్ 5న జీవో 97 వచ్చింది. జెర్రెల అడవిలో 1,212 హెక్టార్లు. చింతపల్లి, జీకే వీధి మండలాలు భగ్గుమన్నాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది, 2016లో సరఫరా ఒప్పందం రద్దు చేసింది. 2019లో కొత్త ప్రభుత్వం ఆ జీవోనే తీసేసింది.

ఆదివాసీలు గెలిచారు, కథ అయిపోయింది అనుకుంటాం. అక్కడే అంతర్జాతీయ రాజకీయం మొదలైంది. రస్ అల్ ఖైమా ఇన్వెస్ట్‌మెంట్ అథారిటీ 2016లో భారతదేశం మీద అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కి వెళ్లింది. ఆధారం 2013లో సంతకమైన భారత్-యూఏఈ పెట్టుబడుల రక్షణ ఒప్పందం. జెర్రెలలో ఎవరికీ ఆ కాగితం గురించి తెలియదు. వాళ్ల కొండ మీద ప్రభుత్వం వెనక్కి తగ్గినందుకు, దేశం ఇంకో దేశపు సంస్థకు పరిహారం కట్టాలా వద్దా అని విదేశీ ట్రిబ్యునల్ ముందు వాదనలు నడిచాయి. 2022లో ఆ కేసు కొట్టేశారని వార్తలొచ్చాయి. మంచిదే. కానీ ఆ పంచాయితీ రూపం ఒకసారి చూడండి. ఒక పక్క పెట్టుబడిదారు, ఇంకో పక్క ప్రభుత్వం. భూమి ఎవరిదో వాళ్లు అందులో కక్షిదారులే కారు. వాళ్లు "వద్దు" అన్నది అక్కడ హక్కు కింద లెక్కలోకి రాదు, పెట్టుబడికి వచ్చిన ఇబ్బంది కింద వస్తుంది.

2024లో యూఏఈతో కొత్త పెట్టుబడుల ఒప్పందం చేసుకున్నారు. ఆగస్టు 31 నుంచి అమల్లో ఉంది. మన నమూనా ఒప్పందంలో, విదేశీ పెట్టుబడిదారు ఐదేళ్లు ఇక్కడి కోర్టుల్లో ప్రయత్నించాకే బయటికి వెళ్లాలని ఉంది. యూఏఈకి దాన్ని మూడేళ్లకు తగ్గించారు. గల్ఫ్‌తో స్నేహం పెరిగిందని పత్రికలు రాశాయి. మంత్రులు, అధికారులు మారతారు, ఒప్పందాలు మాత్రం మన్యం మీద అట్లాగే కూర్చుంటాయి. ఇంత పెద్ద కాగితం మీద సంతకం పెట్టేముందు గిరిజన సలహా మండలి అనేది ఒకటుందని ఎవరికైనా గుర్తొచ్చిందా?

ఇప్పుడు అసలు కొత్త విషయం. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల రేర్ ఎర్త్ లోహాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. మన వాహన కంపెనీలకు మాగ్నెట్లు దొరకలేదు, నిజంగానే ఇబ్బంది పడ్డాయి. క్వాడ్ దేశాలు కలిసి కీలక ఖనిజాల కార్యక్రమం ప్రకటించాయి. అంతర్జాతీయ సంబంధాల మీద రాసేవాళ్లందరూ ఆ నెలల్లో దాని గురించే రాశారు. అదే ఏడాది సెప్టెంబర్ 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ఇక ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. రక్షణ శాఖ, అణు ఇంధన విభాగం అడిగాయి కాబట్టి ఇచ్చారు. పార్లమెంటులో బిల్లు లేదు, చర్చ లేదు, ఒక మెమో అంతే.

బీజింగ్‌లో ఒక ఆర్డర్ వచ్చింది, ఐదు నెలల్లో మన కొండ మీద షామియానా పీకేశారు. ప్రజాభిప్రాయ సేకరణ సభలు గొప్పగా జరిగేవని చెప్పను. పోలీసుల బందోబస్తు, కంపెనీ తెచ్చిన జనం, ముందే రాసిపెట్టుకున్న మినిట్స్ మనకు తెలియనివి కావు. అయినా మైకు ముందు నిలబడి "వద్దు" అన్న మాట రికార్డయ్యే చోటు అదొక్కటే. రేపు కోర్టుకి పోతే చూపించే కాగితం అదే.

"మరి దేశ భద్రత?" అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. కాసేపు భద్రత కోణంలోనే చూద్దాం. రేర్ ఎర్త్ విషయంలో మన కొరత ముడి ఖనిజంలోనా? ప్రపంచంలోనే పెద్ద నిల్వలున్న దేశాల్లో మనం ఒకళ్లం. ఐఆర్ఈఎల్ 1950 నుంచి పనిచేస్తోంది. సముద్ర తీరపు ఇసుకలోంచి మోనజైట్ తీస్తోంది. అది చాలదన్నట్టు 2012 నుంచి జపాన్‌కి రేర్ ఎర్త్ ఎగుమతి కూడా చేశాం. మనకు లేనిది శుద్ధి చేసే సత్తా, మాగ్నెట్ తయారు చేసే సత్తా. ప్రపంచపు శుద్ధిలో సుమారు తొంభై శాతం చైనా చేతిలో ఉంది. విశాఖలో 2023లో జాతికి అంకితం చేసిన మాగ్నెట్ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. కిలోలే, టన్నులు కాదు. కొరత ఫ్యాక్టరీలో, ల్యాబులో ఉంటే ప్రజాభిప్రాయ సేకరణ ఎత్తేయడం వల్ల ఒక్క మాగ్నెట్ అయినా త్వరగా వస్తుందా? నలభై ఏళ్లుగా శుద్ధి పరిజ్ఞానం మీద ఖర్చు పెట్టనివాళ్లు ఆ నెపాన్ని కొండ మీదివాళ్ల మీదికి తోస్తున్నారు.

ఫౌజీ మిత్రులకు ఇంకో మాట. 1971 డిసెంబర్‌లో గంగాసాగర్ దగ్గర ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా ఉరావ్ ఆదివాసీ. ఇవాళ్టి జార్ఖండ్‌లోని గుమ్లా ప్రాంతం వాడు. ఆదివాసీ దేశభక్తి మీద ఎవరికైనా అనుమానముంటే ఆయన పేరు చెప్పండి. దేశం కోసం ప్రాణం ఇచ్చినవాళ్ల జాతిని, నేల ఇచ్చేముందు ఒక్క మాట అడగడం భద్రతకు అడ్డమెట్లా అవుతుంది?

ఇది మన ఒక్కరి కథ కాదు. కెనడాలో గ్రేట్ బేర్ సరస్సు పక్కన పోర్ట్ రేడియం గని ఉండేది. అమెరికా అణుబాంబు కార్యక్రమానికి యురేనియం అక్కడినుంచి కూడా వెళ్లింది. ఆ ఖనిజం బస్తాలు మోసింది డెనే ఆదివాసీలు. అదేమిటో, ఎక్కడికి పోతోందో వాళ్లకెవరూ చెప్పలేదు. 1998లో వాళ్ల ప్రతినిధులు హిరోషిమా వెళ్లి అక్కడివాళ్లకు క్షమాపణ చెప్పారు. బాంబు చేసినవాళ్లు కాదు, వేసినవాళ్లు కాదు, బస్తాలు మోసినవాళ్లు చెప్పారు! ఆస్ట్రేలియాలో మిరార్ జాతి పెద్ద ఇవాన్ మార్గరులా 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి లేఖ రాసింది. తమ నేల నుంచి తవ్విన యురేనియం ఆ ప్రమాదంలో ఉండొచ్చని ఆమె బాధ. ఆమె జాతి జబిలుకా గనిని దశాబ్దాలు అడ్డుకుంది. 2024లో అక్కడి ప్రభుత్వం ఆ లీజు పొడిగించడానికి నిరాకరించింది. విదేశాంగ మంత్రులెవరూ చేయని ఆలోచన వీళ్లు చేశారు: మా నేలలోంచి పోయిన సరుకు అవతలివాళ్లను ఏం చేస్తోంది అని.

2007 సెప్టెంబర్ 13న ఐక్యరాజ్యసమితి ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటన ఆమోదించింది. 144 దేశాలు అవునన్నాయి. కాదన్నవి నాలుగే: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. తర్వాత అవీ ఒప్పుకున్నాయనుకోండి. మన దేశం అవునన్న వైపే ఉంది. కాకపోతే ఒక మెలిక పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఇక్కడున్న వాళ్లందరూ మూలవాసులే అన్నది మన ప్రభుత్వ వైఖరి. అందరూ మూలవాసులే అయితే ముందస్తు సమ్మతి అడగాల్సింది ఎవరిని? ఎవరినీ అక్కర్లేదు. ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీ హక్కులకు ఓటు, ఇంట్లో మెమో. గ్లోబల్ సౌత్ గొంతు మేమే అని చెప్పుకునే ప్రభుత్వానికి ఈ ప్రశ్న ఎవరో ఒకరు వేయాలి కదా. బయటి దేశాలవాళ్లు వేస్తే జోక్యం అంటారు, అందుకని మనమే వేయాలి.

వేస్తే ఏం లాభం అనకండి. నియమగిరి ఉంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలంది. పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి. వేదాంత అంత పెద్ద కంపెనీ ఆగిపోయింది. అంతకుముందే, 2007లోనే, నార్వే ప్రభుత్వ పెన్షన్ ఫండ్ ఆ కంపెనీలో తన వాటాలు అమ్మేసింది. పెట్టుబడి వచ్చే దారిలోనే ఒత్తిడి కూడా వెనక్కి నడిపించొచ్చు. ఆ దారి మనకూ తెలియాలి.

ఇక పని మాట. సెప్టెంబర్ 8 మెమో తీసేసింది పర్యావరణ చట్టం కింద జరిగే అభిప్రాయ సేకరణను మాత్రమే. 1996 పీసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం అట్లాగే ఉన్నాయి. వాటిని మెమోతో తీసేయలేరు. అమ్రాబాద్ ప్రాంతంలో షెడ్యూల్డ్ గ్రామాలున్నాయి. అక్కడి పెంటల్లో, మన్యం గ్రామాల్లో యురేనియం, బాక్సైట్, కీలక ఖనిజాల మీద గ్రామసభ తీర్మానాలు ఇప్పుడే రాసుకోవాలి. రిగ్గు వచ్చాక రాస్తే అభ్యంతరం అంటారు, ముందే రాస్తే నిర్ణయం అవుతుంది. కోరం సరిగ్గా ఉండాలి, తేదీ ఉండాలి, ఒక కాపీ కలెక్టరుకి, ఇంకొకటి గవర్నరుకి రసీదుతో చేరాలి. నేరేడ్‌మెట్, సైనిక్‌పురి వాళ్లు మల్కాజిగిరి ఎంపీ చేత లోక్‌సభలో రెండు ప్రశ్నలు వేయించండి. ఒకటి: ఆ మెమో వచ్చాక షెడ్యూల్డ్ ఏరియాల్లో ఏయే గనులకు ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా అనుమతులిచ్చారు? రెండు: ఇకముందు పెట్టుబడుల ఒప్పందాల్లో, గ్రామసభ కాదంటే దాన్ని పెట్టుబడిదారుకు జరిగిన నష్టంగా చూడకూడదని ఒక క్లాజు పెడతారా, పెట్టరా? జవాబు రాతపూర్వకంగా వస్తుంది. వచ్చాక ఇక్కడే పెడదాం.